డీడాస్ దాడులు, 4వ పాఠం: లాగ్‌లో కనిపించిన చిరునామా ఎవరిది?

డీడాస్ దాడి అంటే, అనేక యంత్రాల నుంచి ఒకేసారి వరదలా ట్రాఫిక్ పంపి ఒక సైటును పనిచేయకుండా చేయడం. అలాంటి దాడి వస్తే ఏం చేయాలన్న గత పాఠం అభ్యాసానికి వచ్చిన జవాబుల్లో చాలావరకు ఒకే మాట దగ్గర ఆగిపోయాయి: లాగ్‌లో (సర్వర్‌కు వచ్చిన అభ్యర్థనల నమోదులో) ఎక్కువసార్లు కనిపించిన ఐపీ చిరునామాలను ఫైర్‌వాల్‌లో (వచ్చే ట్రాఫిక్‌ను వడకట్టే కాపలాలో) అడ్డుకుంటే సరిపోతుందని. సరిపోదు. ఈసారి సిన్ కుకీల (సగంలో ఆగిన కనెక్షన్లతో సర్వర్ నిండిపోకుండా కాపాడే పద్ధతి) గురించి చెప్పవలసి ఉన్నా, ఈ ముడి విప్పకుండా వాటి జోలికి వెళ్లడం వృథా కనుక వాయిదా వేస్తున్నాను. టీసీపీ హ్యాండ్‌షేక్, అంటే డేటా పంపే ముందు రెండు వైపులా మూడు సందేశాలతో ఒకరినొకరు నిర్ధారించుకోవడం, మీకు వచ్చుననే అనుకుంటాను.

కనెక్షన్ పెట్టుకోకుండానే డేటా పంపే యూడీపీ పద్ధతిలో ఆ హ్యాండ్‌షేక్ లేదు కాబట్టి, పంపినవారి చిరునామా ఉండవలసిన చోట ఎవరిది రాసినా అవతలి సర్వర్ నమ్మేస్తుంది. మీరంటే గిట్టనివాడొకడు పాతబస్తీలో ఇరవై హోటళ్లకు ఫోన్ చేసి, మీ పేరు, మీ ఇంటి నంబరు చెప్పి, ఒక్కోచోట యాభై బిర్యానీలు పంపమన్నాడనుకోండి. గుమ్మం ముందు నిలబడ్డ డెలివరీ కుర్రాళ్లను ఎంత తిట్టినా ఫోన్ చేసినవాడు దొరకడు, వీధి మాత్రం బండ్లతో నిండిపోతుంది. 2018 ఫిబ్రవరి 28న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్‌పై సెకనుకు 1.35 టెరాబిట్ల చొప్పున వచ్చిపడిన దాడిలో ఆ కుర్రాళ్ల పాత్ర, 11211 పోర్టును (సర్వర్‌లోకి వెళ్లే నంబరు వేసిన ద్వారాన్ని) ఇంటర్నెట్‌కు తెరిచి వదిలేసిన మెమ్‌క్యాష్డ్ సర్వర్లది, అంటే తరచూ వాడే డేటాను మెమొరీలో దాచి ఇచ్చేవాటిది. గిట్‌హబ్ చిరునామాతో ప్రశ్న పంపితే జవాబు గిట్‌హబ్‌కే పోతుంది; వాటిలో కొన్ని 15 బైట్ల ప్రశ్నకు 750 కిలోబైట్ల జవాబు ఇచ్చేవి. లాగ్‌లో కనిపించేవి ఆ సర్వర్ల చిరునామాలే. పైగా మీ ఫైర్‌వాల్ ప్యాకెట్‌ను (డేటా ముక్కను) పారవేసే సమయానికే మీ ఇంటర్నెట్ లింకు నిండిపోయి ఉంటుంది కనుక, వడపోత పైనున్న ఇంటర్నెట్ ప్రొవైడర్ దగ్గరే జరగాలి. గిట్‌హబ్ కూడా తన ట్రాఫిక్‌ను దాడి ట్రాఫిక్‌ను వడకట్టే అకమాయ్ సంస్థ మీదుగా మళ్లించే గట్టెక్కింది. తమది కాని చిరునామాతో బయటికి పోయే ప్యాకెట్లను ప్రొవైడర్లే ఆపాలని 2000 మే నాటి బీసీపీ 38 అనే ఇంటర్నెట్ మార్గదర్శక పత్రం చెబుతూనే ఉంది.

హెచ్‌టీటీపీ వరదలో (వెబ్ పేజీల అభ్యర్థనలతో ముంచెత్తే దాడిలో) చిరునామాలు నిజమైనవే కదా అని ఒకరు అడిగారు. నిజమైనవే, అక్కడ హ్యాండ్‌షేక్ పూర్తి కావాలి కనుక. అయితే అమీర్‌పేట హాస్టల్లో ఒకే వైఫై వాడే యాభై మందికీ బయటికి కనిపించే చిరునామా ఒకటే, మొబైల్ నెట్‌వర్కులోనైతే అంతకన్నా ఎక్కువ మందికి. నేనే ఒకసారి ఫలితాల రోజున ఇలాంటి చిరునామాను అడ్డుకుని, దాడి ఆపానని సంతోషపడుతుండగా పిల్లల ఫోన్లు మొదలయ్యాయి. అప్పటినుంచి ముందు చిరునామాను కాక, పేజీని చూస్తాను: డేటాబేస్‌ను ఎక్కువగా తినే సెర్చ్ పేజీకి, లాగిన్ సెషన్‌కు ఇన్ని అభ్యర్థనలేనని పరిమితి పెడతాను.

అభ్యాసం: మీ సొంత సైటు లాగ్ ఒక రోజుది తీసుకుని చిరునామా, పేజీ, జవాబుకు పట్టిన సమయం వారీగా మూడు పట్టికలు వేయండి, మొదటి పట్టికలో పైనున్న పది చిరునామాలను అడ్డుకుంటే లాగిన్ అయిన వాడుకరులు ఎందరు బయట పడతారో లెక్కించండి. ఇతరుల సర్వర్‌పై ప్రయోగాలు చేయకండి, ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. ఎన్‌జింక్స్ అనే వెబ్ సర్వర్ మామూలు లాగ్‌లో జవాబు సమయం నమోదు కాదు కనుక, లాగ్ ఫార్మాట్ ఈ రాత్రే మార్చి, రేపటి లాగ్‌తో మొదలుపెట్టండి.