కారు మీటరు ముల్లు ఎగిరితే మొదట ఎర్త్ చూడండి

ఒక సాయంత్రం బెంగళూరు సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను. చీకటి పడుతోందని హెడ్‌లైట్లు వేయగానే, డ్యాష్‌బోర్డులో కొత్తగా బిగించుకున్న టెంపరేచర్ మీటరు ముల్లు 88 నుంచి 100 దాటింది. గుండె గుభేలుమంది. లైట్లు ఆర్పితే మళ్లీ 88. ఇంజను అంత త్వరగా వేడెక్కదు, చల్లారదు. అంటే తప్పు నా వైరింగ్‌దే.

లైట్లు, ఫ్యాను వేస్తే ముల్లు ఎగరడం

ఇంజనుకు బిగించి, ఒక్క వైరుతో మీటరుకు కలిపే ఒంటి వైరు సెన్సార్‌కు ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారి) ఇంజను లోహం నుంచే అందుతుంది. మీటరు నల్ల వైరునేమో డ్యాష్‌బోర్డు వెనక చేతికందిన స్క్రూకి చుట్టేశాను. ఆ స్క్రూ మీదే మరో నాలుగు వైర్లున్నాయి, కింద రంగు పూత కూడా ఉంది. ఈ రెండు ఎర్త్‌ల మధ్య కాస్త వోల్టేజి తేడా వచ్చినా ముల్లు మోసపోతుంది.

ఇంజను నడుస్తూ, లైట్లు వెలుగుతుండగా మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కు, రెండోది మీటరు నల్ల వైరుకు ఆనించండి. 0.1 వోల్టు దాటితే ఎర్త్ బాగాలేనట్టే. నాకు 0.4 వచ్చింది. మీటరుకు విడిగా ఒక నల్ల వైరు లాగి, బాడీ రేకు మీద రంగు గీకి, బోల్టుతో బిగించాను. పాత కారైతే ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీనీ విప్పి తుప్పు రుద్దండి. చాలామంది దీన్ని వదిలేసి కొత్త మీటరు కొనుక్కుంటారు.

ఎప్పుడూ తక్కువ వేడే చూపడం

సెన్సార్ మరకు టెఫ్లాన్ టేపు దట్టంగా చుట్టారేమో చూడండి. ఒంటి వైరు సెన్సార్‌కు అది ఎర్త్‌ను అడ్డుకుంటుంది. టేపు లేకపోతే, మీటరుకూ సెన్సార్‌కూ జత కుదరకపోయి ఉండవచ్చు. బెంగళూరులో కారు విడిభాగాలు దొరికే జేసీ రోడ్డులో మీటరు ఒక కొట్లో, సెన్సార్ మరో కొట్లో కొంటే వంద రూపాయలు మిగలవచ్చు గానీ, అంకె నిజం కాదు.

ఆయిల్ ప్రెజర్ మీటరు సెన్సార్ రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోవడం

ఇక్కడ స్పానర్‌తో బలం చూపకండి. పైకి ఒకేలా కనిపించే 1/8 మరల్లో ఎన్‌పీటీకి (అమెరికా పైపు మర కొలత) అంగుళానికి 27 చుట్లు, బీఎస్‌పీటీకి (బ్రిటిష్ పైపు మర కొలత) 28. జపాన్ మూలాలున్న ఇంజన్లలో ఆయిల్ ప్రెజర్ స్విచ్ రంధ్రం ఎక్కువగా బీఎస్‌పీటీయే. సరైన అడాప్టర్ వాడండి. అల్యూమినియం మర చెడితే ఆయిల్ కారడం ఖాయం.

వోల్ట్ మీటరు తక్కువ చూపడం

బ్యాటరీ దగ్గర 14 వోల్టులుండి మీటరులో 13.2 ఉంటే, కరెంటును రేడియో లైను నుంచి తీసుకున్నారేమో చూడండి. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో విడి వైరు వేసి, మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) పెట్టి, దాన్ని ఇగ్నిషన్ లైనుతో పనిచేయించండి.

తెల్లవారేసరికి బ్యాటరీ దిగిపోతే, తాళంచెవి బయటికి తీసేసినా మీటరు వెలుగుతోందేమో చూడండి. మీటరుకు కరెంటు తెచ్చే ఎర్ర వైరును ఇగ్నిషన్ వేస్తేనే కరెంటు వచ్చే లైనుకు మార్చండి.