అడ్మిషన్లకు ముందు కాలేజీ సైట్ల యాక్సెసిబిలిటీ తనిఖీ: జాగ్రత్తలు

కర్నూలు, అనంతపురం, కడప కాలేజీల్లో ఆన్‌లైన్ దరఖాస్తులు తెరిచేలోపు వైకల్యం ఉన్నవాళ్లూ సైటును వాడగలరా (యాక్సెసిబిలిటీ) అని లైట్‌హౌస్, యాక్స్ అనే ఆటోమేటిక్ టూల్స్‌లో దేనితోనైనా పరీక్షించేవాళ్లు ఇవి చూసుకోండి.

- 100 స్కోరు వచ్చిందని ఆపేయొద్దు. ఫీజుల పట్టికను బొమ్మగా పెట్టి, ఆల్ట్ టెక్స్ట్‌లో (బొమ్మకు బదులుగా చదివి వినిపించే వివరణలో) ‘ఐఎంజీ 0045’ అని వదిలేసినా లైట్‌హౌస్ పాస్ చేస్తుంది. ఆల్ట్ ఉందా లేదా అన్నదే అది చూస్తుంది. చూపులేని విద్యార్థికి మాత్రం ఫీజెంతో తెలియదు. ఆల్ట్‌లన్నీ మనిషే చదవాలి.

- ఫారం ఖాళీగా సబ్మిట్ కొట్టి, ఎర్రర్లు కనిపిస్తుండగా మళ్లీ స్కాన్ చేయండి. మెనూ, పాపప్ తెరిచి ఇంకోసారి. మూసి ఉన్న భాగాలు స్కాన్‌లోకి రావు.

- తెలుగు పేజీకి లాంగ్ కోడ్ (పేజీ ఏ భాషలో ఉందో చెప్పే గుర్తు) ‘టీఈ’ ఉందా? ‘ఈఎన్’ ఉన్నా టూల్ ఒప్పుకుంటుంది, ఎందుకంటే అదీ సరైన కోడే. స్క్రీన్ రీడర్ (తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) మాత్రం తెలుగును ఇంగ్లిష్ గొంతుతో చదవబోతుంది.

- మౌస్ పక్కన పెట్టి, ట్యాబ్ కీతోనే సబ్మిట్ దాకా వెళ్లండి. జిల్లా ఎంచుకునే డ్రాప్‌డౌన్ దగ్గర ఇరుక్కుంటే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది.

- మామూలు అక్షరాలకు కాంట్రాస్ట్ (అక్షరాల రంగుకూ వెనక రంగుకూ మధ్య తేడా) కనీసం 4.5:1 ఉండాలి. ఫొటో మీద రాసిన అక్షరాలను యాక్స్ తేల్చలేక, మనిషి చూడాల్సిన సమీక్ష జాబితాలో వదిలేస్తుంది. ఆ జాబితా దాటేయకండి.