కాలేజీ ఫుట్‌బాల్ హెడ్ కోచ్ పదవికి అభ్యర్థుల జాబితా వేసుకోవడం ఎలా?

అమెరికాలో ఏటా నవంబరు వచ్చేసరికి ఏవో కొన్ని విశ్వవిద్యాలయాలు తమ ఫుట్‌బాల్ హెడ్ కోచ్‌లను ఇంటికి పంపుతాయి. ఆ వార్త వెలువడిన గంటలోపే రేసులో ఉన్న పదిమంది వీళ్ళేనంటూ ఒక జాబితా తిరగడం మొదలవుతుంది. పిల్లలను అక్కడి కాలేజీల్లో చదివిస్తున్న తెలుగువాళ్ళు, అక్కడే చదువుకుని స్థిరపడినవాళ్ళు ఇప్పుడు శనివారం మ్యాచ్‌లను మనసుపెట్టి చూస్తున్నారు కనుక ఆ జాబితా మన వాట్సాప్ గ్రూపుల్లోకీ వస్తుంది. అయితే వాటిలో ఎక్కువభాగం పేరుమోసిన కోచ్‌ల పట్టికలే గాని, ఆ ఉద్యోగానికి రాగలవాళ్ళ పట్టికలు కావు. ఈ తేడాను పట్టుకుని సొంతంగా జాబితా వేసుకునే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఫుట్‌బాల్ అంటే ఇక్కడ హెల్మెట్ పెట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ అని అర్థం చేసుకోవాలి.

మొదట పేర్లు రాయకండి, ఉద్యోగం గురించి రాయండి. వెళ్ళిపోయిన కోచ్ ఎందుకు వెళ్ళవలసి వచ్చింది, ఆ కాలేజీకి కారులో వెళ్ళగలిగినంత దూరంలో మంచి హైస్కూల్ ఆటగాళ్ళు దొరుకుతారా, విశ్వవిద్యాలయం చేతిలో ఉన్న సొమ్ము ఎంత, దాతలు ఎన్నేళ్ళు ఓపిక పట్టగలరు అన్న నాలుగు ప్రశ్నలకు జవాబులు ఒక కాగితం మీద పెట్టుకుంటే, సగం పేర్లు రాయకముందే కొట్టివేతకు గురవుతాయి. టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయాన్నే చూడండి. జాతీయ టైటిల్ గెలిచిన జింబో ఫిషర్‌ను 2017 చివర్లో పదేళ్ళకు 7.5 కోట్ల డాలర్ల ఒప్పందంతో తెచ్చుకున్నారు, 2021లో ఆ ఒప్పందాన్ని మరింత పొడిగించారు, 2023 నవంబరులో సుమారు 7.6 కోట్ల డాలర్లు చెల్లించే బాధ్యతను నెత్తిన వేసుకుని మరీ ఆయనను పంపించేశారు. ఆ ఖాళీలో డబ్బుకు గాని, ఆటగాళ్ళకు గాని కొరత లేదు. కొరత ఉన్నది ఆ ఊరి తీరు తెలిసి, ఉన్న ఆటగాళ్ళతో నిలకడగా గెలిపించగల మనిషికి. కాగితం మీద ఆ మాట రాసుకున్నవాళ్ళకు మైక్ ఎల్కో పేరు ముందే తట్టి ఉండాలి. ఆయన అదే కాలేజీలో 2018 నుంచి 2021 దాకా డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా, అంటే ప్రత్యర్థిని అడ్డుకునే ఆటను చూసుకునే సహాయక కోచ్‌గా పనిచేశారు, ఆ పైన 2021లో 3 గెలుపులతో ముగించిన డ్యూక్ జట్టును తీసుకుని మరుసటి ఏడాదే 9 గెలిపించారు. చివరికి ఆయననే తీసుకున్నారు.

తర్వాత క్యాలెండరు చూసుకోవాలి. మామూలు సీజన్ ఆగస్టు చివర్లో మొదలై నవంబరు ఆఖరికి పన్నెండు మ్యాచ్‌లతో ముగుస్తుంది. హైస్కూల్ ఆటగాళ్ళు సంతకాలు చేసే తొలి గడువు ఇప్పుడు డిసెంబరు మొదటి బుధవారం నాడే మొదలవుతుంది. కొత్త కోచ్ ఎవరో తెలియకుండా పదిహేడేళ్ళ కుర్రాడు ఎక్కడ సంతకం పెడతాడు? అందుకే అక్టోబరులోనే కోచ్‌లను తొలగించడం ఎక్కువైంది. దీనివల్ల మీ జాబితాకు ఒక చిక్కు వస్తుంది. 2024 నుంచి ప్లేఆఫ్‌లో, అంటే సీజన్ తర్వాత జాతీయ టైటిల్ కోసం జరిగే పోటీలో పన్నెండు జట్లు ఆడుతున్నాయి కనుక, అందరికీ కావలసిన కోచ్ డిసెంబరులో కూడా తన పాత జట్టుతో ఆడుతూనే ఉండవచ్చు. అలాంటి పేరు పక్కన ఒక గుర్తు పెట్టుకుని, ఆ కాలేజీ అంతదాకా ఆగగలదా అని ఆలోచించండి.

ఇప్పుడు పేర్లు రాయండి, రాసిన వెంటనే రాలేనివాళ్ళను తీసేయండి. ఈ పనికి 2024 జనవరి నాటి అలబామా ఉదంతాన్ని మించిన పాఠం లేదు. ఆ విశ్వవిద్యాలయంలో ఆరు జాతీయ టైటిళ్ళు గెలిచిన నిక్ సేబన్ జనవరి 10, బుధవారం నాడు పదవీ విరమణ ప్రకటించారు. ఆ రాత్రి తిరిగిన జాబితాల్లో ఒరెగాన్ కోచ్ డాన్ లానింగ్, టెక్సస్ కోచ్ స్టీవ్ సార్కీసియన్, ఫ్లోరిడా స్టేట్ కోచ్ మైక్ నోర్వెల్, క్లెమ్సన్ కోచ్ డాబో స్వీనీ ఉన్నారు. లానింగ్ మర్నాడే ఒక వీడియో విడుదల చేసి తాను ఎక్కడికీ వెళ్ళడం లేదన్నారు. సార్కీసియన్, నోర్వెల్ ఉన్నచోటనే ఒప్పందాలు పొడిగించుకున్నారు. నోర్వెల్‌కు ఏడాదికి కోటి డాలర్లకు పైగా ముట్టింది, కాని ఆ ఏడాది ఆయన జట్టు 2 మ్యాచ్‌లు గెలిచి 10 ఓడింది. ఇక స్వీనీ ఒప్పందంలోనే ఒక మెలిక ఉంది. ఆయన అలబామాలోనే ఆడి పెరిగిన మనిషి కనుక, మరెక్కడికో కాక అలబామాకే వెళితే చెల్లించవలసిన మొత్తం ఒకటిన్నర రెట్లు అవుతుందని క్లెమ్సన్ ముందే రాయించుకుంది. అభ్యర్థి ఇష్టాయిష్టాల కంటే ముందు ఇలాంటి కాగితాలు చూడాలి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల ఒప్పందాలు సాధారణంగా బయటికి వస్తాయి కాబట్టి బయౌట్, అంటే ఒప్పందం తెంచుకున్నందుకు కట్టవలసిన మొత్తం ఎంతో వార్తాపత్రికల్లోనే దొరుకుతుంది. సేబన్ వెళ్ళిన రెండో రోజున, శుక్రవారం, అలబామా అథ్లెటిక్ డైరెక్టర్, అంటే క్రీడా విభాగం అధిపతి గ్రెగ్ బర్న్ వాషింగ్టన్ కోచ్ కేలెన్ డిబోర్‌ను నియమించారు. ఆయన బయౌట్ 1.2 కోట్ల డాలర్లు. ఆ స్థాయి కాలేజీకి అది భరించగలిగిన మొత్తమే.

మిగిలిన పేర్లను జల్లెడ పట్టేటప్పుడు గెలుపు శాతాన్ని చూసి మురిసిపోవద్దు. జట్టు చేతికి వచ్చేనాటికి ఎలా ఉంది, వదిలేనాటికి ఎలా ఉంది అన్న రెండు అంకెలను పక్కపక్కన రాయండి. డిబోర్ విషయంలో ఆ పని చేసి చూద్దాం. వాషింగ్టన్ 2021లో 4 గెలిచి 8 ఓడింది. ఆయన వచ్చాక 2022లో 11–2, 2023లో 14–1, ఆ ఒక్కటి కూడా జాతీయ ఫైనల్లో మిషిగన్ చేతిలో. అంతకుముందు సూ ఫాల్స్ అనే చిన్న కాలేజీలో 67 గెలిచి 3 మాత్రమే ఓడి, చిన్న కాలేజీల సంఘమైన ఎన్ఏఐఏ స్థాయిలో మూడు టైటిళ్ళు గెలిచారు. అన్నీ కలిపితే అలబామాకు వచ్చేనాటికి 104 గెలుపులు, 12 ఓటములు. చిన్న ఊళ్ళో గెలిచినదాన్ని లెక్కలోకి తీసుకోకూడదని కొందరంటారు, నేను తీసుకుంటాను. తక్కువ జీతాలతో, తక్కువ సిబ్బందితో, తానే అన్నీ చూసుకుంటూ గెలిచిన మనిషికి పని తెలిసి ఉంటుంది. కర్ట్ సిగ్నెట్టి దీనికి మరో ఉదాహరణ. సేబన్ దగ్గర అలబామాలో సహాయకుడిగా ఉన్న ఉద్యోగం వదులుకుని 2011లో కింది స్థాయి అయిన డివిజన్ 2 కాలేజీకి వెళ్ళారు, ఆ తర్వాత ఈలాన్, అక్కడి నుంచి జేమ్స్ మాడిసన్. అక్కడ 52 గెలుపులు, 9 ఓటములు. 2023 చివర్లో ఇండియానా ఆయనను తీసుకున్నప్పుడు ఆ నియామకానికి పెద్ద హడావిడి లేదు. 3–9తో ఉన్న ఆ జట్టు 2024లో 11–2తో ప్లేఆఫ్‌కు చేరింది.

ఇంతమాత్రాన ఈ రెండంకెల పద్ధతి తిరుగులేనిది కాదు. స్కాట్ ఫ్రాస్ట్ 2015లో ఒక్కటీ గెలవని సెంట్రల్ ఫ్లోరిడా జట్టును తీసుకుని 2017లో 13–0 చేశారు. ఆ పైన ఆయన నెబ్రాస్కా బిడ్డ, 1997లో ఆ కాలేజీ జాతీయ టైటిల్ పంచుకున్నప్పటి క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని ఆటను నడిపించే ఆటగాడు. ఇంతకంటే మంచి సంబంధం దొరకదని ఊరంతా అనుకుంది, నేనూ అనుకున్నాను. నెబ్రాస్కాలో ఆయన లెక్క 16 గెలుపులు, 31 ఓటములు. 2021లో ఓడిన తొమ్మిది మ్యాచ్‌లూ 9 పాయింట్లు, అంతకంటే తక్కువ తేడాతో ఓడినవే. 2022 అక్టోబరు 1 దాకా ఆగితే కాలేజీ కట్టవలసిన బయౌట్ 1.5 కోట్ల డాలర్ల నుంచి 75 లక్షలకు దిగుతుందని తెలిసినా, జార్జియా సదరన్ చేతిలో సొంత మైదానంలో ఓడిన మర్నాడు, సెప్టెంబరు 11ననే ఆయనను పంపించేశారు. ఈ ఉదంతం తర్వాత నేను ప్రతి పేరుకూ రెండు ప్రశ్నలు అదనంగా చేర్చుకున్నాను: గెలిచినది తాను ఏరుకొచ్చిన ఆటగాళ్ళతోనా, ఒకే చోట మూడేళ్ళకు మించి గెలిచాడా? ఊరివాడన్న కారణంతో మాత్రం ఎవరికీ మార్కులు వేయడం లేదు.

సొంత గూటిలోని సహాయకుల విషయానికి వస్తే, పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత ఇక్కడ బాగా పనిచేస్తుంది, పనిచేసి తరచు నష్టమే కలిగిస్తుంది. 2008 అక్టోబరులో టామీ బౌడెన్ తప్పుకున్నప్పుడు క్లెమ్సన్‌లో తాత్కాలిక కోచ్‌గా కూర్చున్న స్వీనీ అప్పటికి రిసీవర్లకు, అంటే విసిరిన బంతిని అందుకునేవాళ్ళకు కోచ్, ఆఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా గాని, డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా గాని ఎన్నడూ పనిచేయలేదు. ఆయనే 2016, 2018 సీజన్ల టైటిళ్ళు గెలిపించారు. 2021 చివర్లో నోటర్ డేమ్ తన డిఫెన్సివ్ కోఆర్డినేటర్ మార్కస్ ఫ్రీమన్‌ను పైకి తెచ్చింది, ఆయన 2024 సీజన్‌లో జట్టును ఫైనల్‌కు తీసుకెళ్ళారు. లోపలివాళ్ళను తీసుకుంటే ఆటగాళ్ళు చెదిరిపోకుండా ఉంటారన్నది ఈనాడు చిన్న లాభం కాదు, ఎందుకంటే హెడ్ కోచ్ మారితే ఆటగాళ్ళు వేరే కాలేజీకి వెళ్ళడానికి ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ప్రత్యేకంగా తెరుచుకుంటుంది. సేబన్ వెళ్ళాక అలబామా డిఫెన్స్ ఆటగాడు కేలెబ్ డౌన్స్ ఆ దారినే ఒహాయో స్టేట్‌కు వెళ్ళాడు. బయటివాడిని రాసేటప్పుడు వెంట ఏ సిబ్బందిని, ఏ ఆటగాళ్ళను తేగలడో కూడా రాయండి. సిగ్నెట్టి జేమ్స్ మాడిసన్ నుంచి పదిమందికి పైగా ఆటగాళ్ళను ఇండియానాకు తెచ్చుకున్నారు. 2025 జూలై నుంచి కాలేజీలు ఆటగాళ్ళకు నేరుగా చెల్లించవచ్చు, మొదటి ఏడాదికి అన్ని ఆటలకూ కలిపి పరిమితి 2.05 కోట్ల డాలర్లు. అందులో ఫుట్‌బాల్ వాటా ఎంత అన్న ప్రశ్నను ఇప్పుడు మంచి అభ్యర్థి తన జీతం కంటే ముందు అడుగుతాడు.

పూర్వాపరాల విచారణకు మన ఇళ్ళలో సంబంధాలు వెతికిన అనుభవం చాలు. విశ్వవిద్యాలయాలు ఎక్కువగా సెర్చ్ కంపెనీలను పెట్టుకుంటాయి, అంటే పెళ్ళిళ్ళ పేరయ్యలన్నమాట. పేరయ్య చెప్పినంత మాత్రాన విచారించడం మానేస్తే ఏమవుతుందో 2001 డిసెంబరులో తేలింది. నోటర్ డేమ్ నియమించిన జార్జ్ ఓలియరీ ఐదో రోజున రాజీనామా చేశారు, కారణం బయోడేటాలో లేని మాస్టర్స్ డిగ్రీ రాసుకోవడం, ఆడని కాలేజీ ఫుట్‌బాల్‌ను ఆడినట్టు చెప్పుకోవడం. 2017 నవంబరు 26న టెనెసీ విశ్వవిద్యాలయం గ్రెగ్ షియానోతో దాదాపు ఖరారు చేసుకున్న ఒప్పందం అదే రోజు అభిమానుల, రాష్ట్ర శాసనసభ్యుల నిరసనతో కూలిపోయింది. పాత చోట జరిగిన ఒక వ్యవహారంపై వచ్చిన, ఆయన ఖండించిన ఆరోపణ అందుకు మూలం. వారం తిరగకముందే అథ్లెటిక్ డైరెక్టర్‌ను కూడా పక్కన పెట్టారు. అంటే అభ్యర్థి పేరు పక్కన గెలుపోటములే కాక, ఆ పేరు బయటపడిన రోజున ఊరు ఏమంటుందో కూడా ఒక వాక్యం ఉండాలి.

పుకార్లను ఎంత నమ్మాలన్నది మీ ఓపికను బట్టి. ఖండనలకు మాత్రం విలువ ఇవ్వకండి: అలబామా కోచ్‌ను కాబోనని 2006 డిసెంబరులో విలేకరుల ముందు గట్టిగా చెప్పిన సేబన్, 2007 జనవరి మొదటి వారంలో అక్కడే చేరారు. ఏజెంటు ఎవరో చూడండి; జిమ్మీ సెక్స్‌టన్ వంటి ఒకే ఏజెంటు చేతిలో చాలామంది కోచ్‌లు ఉన్నప్పుడు, పేరు బయటికి రావడం జీతం పెంచుకోవడానికి కూడా కావచ్చు. విమానాల జాడ చూసేవాళ్ళు ఇంకొందరున్నారు. మా ఆఫీసులో ఒక మిత్రుడు ఒక దాతకు చెందిన చిన్న విమానం కోచ్ ఉండే ఊరివైపు వెళ్తోందని రాత్రి పదకొండు దాకా ఫోన్ తెర మీంచి కళ్ళు తిప్పలేదు. తెల్లారాక తెలిసిందేమిటంటే ఆ దాత భార్యాపిల్లలతో మంచులో స్కీయింగ్‌కు వెళ్ళాడు.

చివరగా జాబితాను ఐదు పేర్లకు కుదించి, ప్రతి పేరుకూ బయౌట్, రెండంకెలు, వెంట వచ్చేవాళ్ళు, అడ్డంకి అన్న నాలుగు గడులు నింపి, పైన తేదీ వేసి పెట్టుకోండి. నా మొదటి జాబితాలో ఎనిమిది పేర్లుంటే ఎనిమిదీ తప్పాయి. తేదీ వేసి ఉండబట్టే ఎక్కడ తప్పానో తర్వాత తెలుసుకోగలిగాను. కాగితం వెనుక వైపు ఖాళీగా ఉంచుకోండి, ఎందుకంటే ఒక నియామకం జరగగానే మరో ఖాళీ పుడుతుంది. డిబోర్ అలబామాకు వెళ్ళగానే వాషింగ్టన్ అరిజోనా నుంచి జెడ్ ఫిష్‌ను తెచ్చుకుంది. అరిజోనా శాన్ హోసే స్టేట్ నుంచి బ్రెంట్ బ్రెన్నన్‌ను తీసుకుంది. శాన్ హోసే స్టేట్, నేవీ జట్టును ఏళ్ళ తరబడి నడిపిన కెన్ నియుమటలోలోను పిలిచింది. సేబన్ ప్రకటన వెలువడి రెండు వారాలు తిరగకముందే ఇదంతా ముగిసింది, కాని ఆ రాత్రి తిరిగిన జాబితాల్లో నేను చూసిన ఒక్కదానిలోనూ శాన్ హోసే ఊసు లేదు.