సమోవన్‌లో అంకెలు: చేమదుంపల దగ్గర నేర్చుకున్నవి

పసిఫిక్‌లోని సమోవా దీవుల భాష సమోవన్. అందులో అంకెలు నేను న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్‌లోని ఓటారా శనివారం సంతలో చేమదుంపలు కొంటూ నేర్చుకున్నాను. మీరూ ఏదో ఒకటి లెక్కపెడుతూనే మొదలుపెట్టండి, పుస్తకంతో వద్దు.

తసి, లువ, తొలు, ఫా, లిమ. ముందు ఈ ఐదూ వేళ్ల మీద చెప్పండి. లిమ అంటే చెయ్యి కూడా, కాబట్టి ఐదు మర్చిపోరు. తర్వాత ఒనొ, ఫితు, వలు, ఇవ, సెఫులు. పది దాటితే సులువే: 'సెఫులు మా లే తసి' అంటే పదీ ఒకటీ, పదకొండు. ఇరవై లువసెఫులు, ముప్పై తొలుసెఫులు. వంద సెలావు, వెయ్యి అఫె. వస్తువుల్ని లెక్కపెట్టేటప్పుడు ముందు 'ఎ' పెట్టాలి: ఎ లువ, ఎ తొలు. ఎన్ని అని అడగాలంటే 'ఎ ఫియా?'

మనుషుల్ని లెక్కపెట్టే దగ్గరే అందరూ తడబడతారు, మనకి మాత్రం టెన్షన్ లేదు. మనం రెండు పిల్లలు అనం కదా, ఇద్దరు అంటాం. వాళ్లు అంకెకి ముందు 'తొ-అ' చేరుస్తారు, మధ్యలో గొంతు ఒక్క క్షణం ఆపి. ఇద్దరైతే తొ-అలువ. భార్యనీ భర్తనీ కూడా ఆ మాటతోనే పిలుస్తారు, అందుకని నేను ఒకసారి ఇద్దరు స్నేహితుల్ని చూపించి అది అన్నప్పుడు దుంపలమ్మే పెద్దావిడ చాలాసేపు నవ్వింది.

ఇంకోటి. మామూలు మాటల్లో 'త' చాలాసార్లు 'క' అయిపోతుంది. తసి కసి అనీ, ఫితు ఫికు అనీ వినిపిస్తే కంగారు పడకండి. మీరు మాత్రం 'త'తోనే చెప్పండి, కొత్తవాళ్ల నోట అదే మర్యాద.