మిర్గం (మృగశిర కార్తె) రాకముందే మట్టికి తీసుకోవాల్సిన జాగ్రత్తలు (నల్లగొండ, పాలమూరు రైతులకు)

రోహిణి కార్తె వచ్చిందంటే అందరం విత్తనాల షాపుల చుట్టు తిరుగుతం, ఏ పత్తి గింజ మంచిది, డీఏపీ దొరుకుతదా లేదా అని. మట్టి సంగతి మాత్రం ఎవ్వరం అడగం. కానీ మన దిక్కు మట్టికి అసలు డేంజర్ టైం ఇదే, ఎందుకంటే ఎండాకాలమంతా చేను బోడిగ ఉంటది, కొయ్యలు కాలబెట్టి ఉంటరు, రోటవేటర్ కొట్టి పిండి పిండి చేసి ఉంటరు, ఇగ మిర్గంల ఒక్క గట్టి వాన పడ్డదంటే పైనున్న మంచి మట్టంతా వాగుల కలుస్తది. తొలి వానకు వాగు ఎర్రగ పారుతుంటె సంబురపడ్తం గని ఆ ఎరుపు మన చెల్కలదే, అంటే ఎర్ర నేలలదే. ఒక్క ఇంచు మట్టి తయారు కావాల్నంటే వందల ఏండ్లు పడ్తది. అందుకే ఈ నెల రోజుల్ల ఏం చెయ్యాలె, ఏం చెయ్యొద్దు అన్నది రాస్తున్న.

ముందుగాల అగ్గి పెట్టుడు బంద్ చెయ్యండి. యాసంగి వడ్లు హార్వెస్టర్ తోని కోయించినంక కొయ్యకాళ్లకు అగ్గి పెట్టుడు ఇప్పుడు ఊరూరా అలవాటైంది, మిర్యాలగూడ, హాలియా దిక్కు ఏప్రిల్, మే నెలల్ల సాయంత్రం పూట రోడ్డు మీద పొగకు బండి నడపరాదు. ఒక టన్ను వరిగడ్డిల సుమారు 5.5 కిలోల నత్రజని, 25 కిలోల పొటాష్, కిలోకు పైన గంధకం ఉంటది. కాలబెడితే నత్రజని దాదాపు అంతా, గంధకం కొంత పొగల పోతయి, పొటాష్ బూడిదల మిగిలినా ఆ బూడిద తొలి వానకే కొట్టుకపోతది, తర్వాత అదే పొటాష్ మనం షాపుల పైసలు పెట్టి కొంటం. కాలబెట్టే బదులు ఎకరానికి ఒక బస్తా సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి, నీళ్లు పెట్టి కలియదున్నితే కొయ్యలు తొందరగ మురుగుతయి. పత్తి కట్టె సంగతి వేరే, దాన్ని చేన్ల నిలబెట్టినా, గెట్టుకు కుప్ప పోసినా పత్తి కాయ తినే గులాబీ పురుగు దాంట్లనే ఉండిపోతది, అందుకని ష్రెడ్డర్ తోని ముక్కలు కొట్టిచ్చి లోతుగ దున్నాలె. ట్రాక్టర్ కిరాయి ఎక్కువైతదంటరు, నిజమే, నలుగురు కలిసి ఒక్కటే రోజు మాట్లాడుకుంటే కొంత తగ్గుతది.

దుక్కి వాలుకు అడ్డంగ దున్నాలె, ఇది అందరికీ తెలిసిందే గని ట్రాక్టర్ డ్రైవర్ కు చెప్పేటోడు ఉండడు, ఆయన తిరుగుడు తక్కువ ఉన్న దిక్కే దున్నుకుంట పోతడు. వాలు పొంటి సాలు కొడితే ఆ సాలే కాల్వ అయితది. దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి దిక్కు చెల్కలు చూడండి, వాలు ఎక్కువ, మట్టి లోతు తక్కువ, కింద మొరం. అసుంటి చోట జానెడు మట్టి పోతే ఇగ పంట లేదు. గెట్లు ట్రాక్టర్ తిరుగనీకి అడ్డమని తీసేసినోళ్లు మళ్ల పోయించుకోవాలె, నీళ్లు తెగి పోయే కాడ రాళ్లు పేర్చాలె. పత్తి, కంది వేసేటోళ్లు పది పన్నెండు ఫీట్లకు ఒక గొడ్డు సాలు (విత్తనం వేయని సాలు) వాలుకు అడ్డంగ తీస్తే పడ్డ వాన చేన్లనే ఇంకుతది, పాలమూరుల ఏడాదికి పడేదే సుమారు 600 మిల్లీమీటర్లు, దాన్ని గుడ కిందికి పోనిస్తే ఎట్ల.

రోటవేటర్ మీద నాకు మస్తు కోపం. ఊకె రోటవేటర్ కొడితే ఎర్ర చెల్క దుబ్బ దుబ్బ అయితది, దాని మీద వాన పడి రెండు రోజులు ఎండ కాస్తే పైన పెచ్చు కడ్తది, కింద జొన్న, ఆముదం మొలక మెడలు వంకరైపోయి బయటికి రాలేక సస్తది. మనం విత్తనం బాలేదని షాపాయనతోని కొట్లాడుతం. రోటవేటర్ కింద, కల్టివేటర్ కింద ఏండ్ల సంది తొక్కి తొక్కి గట్టి పొర తయారైతది, వేరు దాన్ని దాటదు. నేల ఎండి ఉన్నప్పుడే, అంటే ఇప్పుడే, మూడేండ్లకు ఒకసారి చిజిల్ నాగలి తోని అడుగు, అడుగున్నర లోతు చీల్పించాలె. తడి మీద చేస్తే లాభం లేదు.

మట్టి పరీక్ష. దీని మీద కొంచెం ఎక్కువ రాస్త ఎందుకంటే చానమంది గెట్టు పక్కన పిడికెడు మట్టి తీసి ఇచ్చి, రిపోర్ట్ తప్పు వచ్చిందంటరు. ఎరువు చల్లకముందు తీయాలె. చెట్టు కింద, పెంటకుప్ప ఉన్న జాగల, గెట్టు మీద తీయొద్దు. చేన్ల అటు ఇటు వంకరగ నడుసుకుంట ఎకరానికి ఎనిమిది పది చోట్ల, పైన చెత్త ఊడ్చి, ‘వి’ ఆకారంల ఆరు ఇంచుల గుంత తవ్వి, గుంత పక్క నుంచి పై నుంచి కిందిదాక ఒక పలచని పెచ్చు లెక్క చెక్కాలె. అన్నీ శుభ్రమైన గుడ్డ మీద కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు ఉంచుకొని మిగతాది పారేయాలె, అట్ల అర కిలో మిగిలేదాక. యూరియా సంచిల మాత్రం పోయొద్దు, రిపోర్టే మారిపోతది. నీడకు ఆరబెట్టి పేరు, సర్వే నంబర్, పోయిన పంట, వేయబోయే పంట చీటీ రాసి పెట్టాలె. ఎర్ర మట్టిది వేరే, రేగడిది వేరే, తెల్లగ పొక్కిన జాగది వేరే సంచిల పెట్టాలె. బత్తాయి తోటకైతే పై మట్టి ఒక్కటే సరిపోదు, మూడు నాలుగు ఫీట్లు తవ్వి ఒక్కో అడుగుది వేరే వేరే సంచిల పోయాలె, కింద సున్నపు పొర ఉంటే అప్పుడే తెలుస్తది.

రిపోర్ట్ వచ్చినంక పక్కకు పడేయొద్దు. సేంద్రియ కర్బనం 0.5 శాతం కన్న తక్కువ ఉంటే పెంట, పచ్చిరొట్ట (పచ్చిగ ఉన్నప్పుడే నేలల కలియదున్నే పైరు) లేకుండ ఎన్ని బస్తాలు పోసినా అంత ఫాయిదా ఉండదు. భాస్వరం ఎక్కువ ఉంటే డీఏపీ తగ్గియ్యొచ్చు, మన దగ్గర ఏండ్ల సంది వేసిన భాస్వరం మట్టిల పేరుకపోయిన చేన్లు మస్తున్నయి. అర్థం కాకపోతే ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారిని) అడగండి, లేకపోతే పాలెం, కంపాసాగర్ పరిశోధన స్థానాల సైంటిస్టులకు చూపియ్యండి.

చౌడు, అంటే ఉప్పు, సోడియం ఎక్కువై కరాబైన నేల గురించి. నల్లగొండల ఫ్లోరైడ్ బోరు నీళ్ల కథ అందరికీ ఎరుకే, ఆ నీళ్లల్ల చాన చోట్ల సోడియం, బైకార్బొనేట్లు గుడ ఎక్కువుంటయి, అవే ఏండ్ల కొద్ది పారిస్తే నేల బిగుసుకపోతది. చేన్ల తెల్లగ ఉప్పు లెక్క పొక్కితే పాలచౌడు, దానికి మడి కట్టి మంచి నీళ్లు నిలబెట్టి మురుగు కాల్వలకు తీసేసుడే మందు. నల్లగ జిడ్డుగ అయ్యి, తడిస్తే జారుకుంట, ఎండితే బండ లెక్క అయితే కారుచౌడు, దానికి జిప్సం. పక్కోడు వేసిండని జిప్సం వేయొద్దు, ఎంత వేయాల్నో పరీక్షల తేలుతది. మురుగు కాల్వలు ఇప్పుడే పూడిక తీయాలె, నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద పల్లపు పొలాలు కరాబయ్యేది నీళ్లు తక్కువై కాదు, పోయే తొవ్వ లేక.

చెరువు పూడిక చెల్కకు బంగారం, 2015ల మిషన్ కాకతీయ మొదలైనప్పుడు తోలుకున్నోళ్లను అడగండి. కాకపోతే పైన ఉన్న నల్లని ఒండ్రే తీయాలె, కింద గరుసు తోలుకుంటే దండుగ. రేగడిల మళ్ల పూడిక పోయొద్దు. చౌడు పారకం చేరే చెరువైతే మట్టి పరీక్ష చేపియ్యకుండ తోలొద్దు. తోలినంక కుప్పలు వాన రాకముందే చల్లాలె. ఇటుక బట్టీలోళ్లు వచ్చి రెండు ఫీట్ల మట్టి తీసుకుంటం, పైసలిస్తం అంటరు, దయచేసి ఒప్పుకోవద్దు, ఆ రెండు ఫీట్లే పొలం, మిగిలేది గుంత.

వరి మీద వరి వేసేటోళ్లు నీళ్లుంటే ఇప్పుడే జీలుగ పచ్చిరొట్ట చల్లి, పూత దశల కలియదున్ని, అప్పుడు నాటేయండి. చౌడుల గుడ జీలుగ పెరుగుతది. జింక్ సల్ఫేట్ ఎకరానికి 20 కిలోలు మూడు పంటలకు ఒకసారి ఆఖరి దుక్కిల వేయాలె, డీఏపీతోని కలిపి మాత్రం కాదు, రెండు మూడు రోజుల తేడా ఉండాలె. గొర్ల మంద పెట్టిచ్చే వీలుంటే ఈ నెలల్నే మాట్లాడుకోండి, వానలు పడ్డంక కురుమోళ్లు దొరకరు.

పత్తి మాత్రం తొందరపడి మొదటి జల్లుకే పెట్టొద్దు, 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి నేల మంచిగ తడిసినంకనే పెట్టాలె, నడుమ నడుమ కంది సాళ్లు ఉంచాలె.