ఫోటో వెనక కథ రాసి పెట్టుకోవడం ఎలా: బ్యారేజీ గట్టు నుంచి మిర్చి యార్డు దాకా

ఆదివారం సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీదికి వెళ్లొస్తే చాలు, ఇంట్లో ఫోన్లన్నిటిలో కలిపి ఓ వంద ఫోటోలు పోగవుతాయి. ఏడాది తిరిగేసరికి వాటిలో ఎవరెవరు ఉన్నారో తెలుస్తుంది గానీ, ఆ రోజు ఎందుకు వెళ్లామో, పక్కన నిలబడ్డ పసుపు చొక్కా ఆయన ఎవరో, చిన్నాడి మోకాలికి ఆ కట్టేమిటో ఒక్కరికీ గుర్తుండదు. పేర్లూ కారణాలూ ముందూ వెనకా ఫోటోకి తెలియవు. ఎవరో ఒకరు పూనుకుని రాయాలి. అదేమంత పెద్ద పనీ కాదు. ఎప్పుడు రాయాలి, ఏం రాయాలి, ఎక్కడ దాచాలి అన్న మూడు విషయాల్లోనే చాలామంది తప్పటడుగు వేస్తారు.

తిరిగేటప్పుడే తీసుకోవాల్సినవి

అందమైన ఫోటోలతో పాటు కొన్ని గుర్తు ఫోటోలు కూడా తీయండి. బస్సు టికెట్టు, ఊరి పేరున్న బోర్డు, హోటల్లో ధరల పట్టిక, ఉండవల్లి గుహల దగ్గర పురావస్తు శాఖ బోర్డు, పార్కింగ్ చీటీ. ఇవి ఎవరికీ చూపించడానికి కాదు, తర్వాత రాసేటప్పుడు ఆధారానికి. టికెట్టు జాగ్రత్తగా పర్సులో దాచుకుంటే చాలదా అంటే చాలదు. ఇప్పుడిచ్చే టికెట్లు, బిల్లులు చాలావరకు వేడికి నల్లబడే కాగితం మీద అచ్చవుతాయి. ఎండ, చెమట, ప్లాస్టిక్ కవరు, వీటిలో ఏది తగిలినా కొన్ని నెలల్లో అక్షరాలు మాయమైపోతాయి. అందుకే ఆ రోజే ఫోటో తీసేయాలి.

ప్రతి చోటా దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి తీయండి. అన్నీ మొహాలే ఉంటే ఏ ఊరో తెలీదు, అన్నీ కొండలే ఉంటే ఎవరెళ్లారో తెలీదు. ఫోన్లో లొకేషన్ ఆపేసి ఉంటే ఫోటోలో స్థలం నమోదు కాదు, బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి. విడిగా కెమెరా వాడేవాళ్లు దాని గడియారం కూడా సరిచూసుకోవాలి. చాలాకాలం బ్యాటరీ లేకుండా పడున్న కెమెరా పాత తేదీకి వెళ్లిపోయి, అన్ని ఫోటోల మీదా అదే తప్పు ముద్ర వేస్తుంది.

కొన్ని చోట్ల ఫోటో ఉండదు. ఇంద్రకీలాద్రి మీద గుడి లోపలికి ఫోన్లు అనుమతించరు. అలాంటప్పుడు ఆ భాగం కథలోంచి జారిపోకుండా, కిందికి రాగానే ఫోన్లో రెండు వాక్యాలు మాటల్లో రికార్డు చేసుకోవాలి. క్యూలో ఎంతసేపున్నారు, ఎవరు తప్పిపోయి ఎక్కడ దొరికారు, ప్రసాదం ఎవరి చేతిలోంచి జారింది. దర్శనానికి వెళ్లొచ్చాక జనం చెప్పుకునేది చాలావరకు ఇదే, ఫోటోల్లో లేనిదీ ఇదే.

ఆ రాత్రే ఇరవై నిమిషాలు

మర్నాడు రాద్దాంలే అనుకుంటే అయిపోయినట్టే. ఆ రాత్రి పడుకునే ముందు ముందుగా ఫోటోలు తగ్గించండి. ఒకే భంగిమలో ఆరుంటే కళ్లు మూసుకోనిది ఒకటి ఉంచి మిగతావి తీసేయండి. వందలో పదో పన్నెండో మిగిలితే చాలు, కథ రాయడానికి అంతకంటే అక్కర్లేదు. ఉంచిన ఒక్కోదానికి నాలుగు సంగతులు రాయండి: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఇంకా ఫ్రేములో పడనిది ఏమిటి. ఈ నాలుగోదానికే అసలు విలువ, అందరూ వదిలేసేదీ అదే.

ఉదాహరణకి, బ్యారేజీ మీద ఐదుగురు నిలబడ్డ ఫోటో ఒకటి ఉందనుకోండి. దాని కింద మామూలుగా కనిపించే రాత: 'కృష్ణమ్మ ఒడిలో మరపురాని క్షణాలు'. ఇందులో పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. అదే ఫోటోకి ఇలా రాయొచ్చు:

'2025 జనవరి 15, కనుమ. సాయంత్రం ఐదున్నర. ప్రకాశం బ్యారేజీ, సీతానగరం వైపు చివర. ఎడమ నుంచి: సుజాత, ఆమె తమ్ముడు రవి, రవి భార్య లక్ష్మి, వాళ్ల అబ్బాయి చింటూ, చివర సుజాత అత్తగారు. పొద్దున్నే గుంటూరు తిరిగి వెళ్లాల్సింది. కనుమ నాడు కాకి కూడా కదలదని అత్తగారు ఆపేశారు. ఇంట్లో కూర్చోలేక ఇలా వచ్చారు. చింటూ మొహం అలా ఉండటానికి కారణం, పునుగుల బండి ఫోటో అయ్యాక అన్నారు.'

చివరి మూడు నాలుగు వాక్యాలు తీసేస్తే అది ఎవరి ఫోటో అయినా కావచ్చు. పొడుగాటి వర్ణన అక్కర్లేదు, ఒక కారణం, ఒక చిన్న సంఘటన ఉంటే చాలు.

పేర్లు, వరసలు

మన ఇళ్లలో ఫోటోల మీద ఎక్కువగా కనిపించే తప్పు వరసలు మాత్రమే రాయడం. 'అత్త, బాబాయి, అమ్మమ్మ' అని రాస్తారు. ఎవరికి అత్త? రాసినావిడకి అమ్మమ్మ అయిన మనిషే ఆమె మేనమామ పిల్లలకి నాయనమ్మ. రాసినవాళ్లు ఎవరో మర్చిపోయిన రోజున ఆ మాటలన్నీ వృథా. కాబట్టి ముందు పేరు, వీలైతే ఇంటి పేరు, ఆ తర్వాత ఫలానా పేరుగల మనిషికి ఏమవుతారో రాయండి. పెళ్లయిన ఆడవాళ్లకి పుట్టింటి పేరు కూడా చేర్చండి, పాత ఫోటోల్లో వాళ్లని గుర్తుపట్టేది దానితోనే. 'చిన్ని', 'బుజ్జి' లాంటి ముద్దుపేర్లు ఒక్కో వంశంలో ముగ్గురికి ఉంటాయి, అసలు పేరు పక్కనే ఉండాలి. వరుసగా నిలబడ్డ ఫోటోలో 'ఎడమ నుంచి' అన్నప్పుడు అది చూసేవాళ్ల ఎడమే. వెనక వరస, ముందు వరస విడివిడిగా రాయండి.

ఊరు రాసేటప్పుడు జిల్లాతో ఆపకండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. అంతకుముందు కృష్ణా జిల్లా విజయవాడ అని రాసింది ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. గుంటూరు జిల్లాలో ఉన్న అమరావతి, కొండవీడు ఇప్పుడు పల్నాడు జిల్లాలోకి వెళ్లాయి. ఊరు, మండలం రాస్తే ఈ తిరకాసు ఉండదు.

చూసింది ఏమిటో తెలుసుకుని రాయడం

గుంటూరు మిర్చి యార్డులో తీసిన ఫోటోకి 'ఎర్రటి మిరప సముద్రం' అని రాసేవాళ్లు కోకొల్లలు. అక్కడున్న మనిషిని ఒక్క మాట అడిగితే దొరికే సంగతులు వేరు. ఆ బస్తాలని అక్కడ టిక్కీలంటారు. కుప్పలో రంగు పోయి తెల్లబారిన కాయ తాలు. దానికి ధర వేరు, అందుకే ఆడకూలీలు కూర్చుని ఏరుతుంటారు. టిక్కీ మూతి విప్పి గుప్పెడు కాయ అరచేతిలో వేసుకున్న వ్యాపారి చూసేది రంగు, ఆరుదల, తొడిమ. కాయ రకం తేజానా, 334నా, బ్యాడిగినా అన్నది కూడా అడిగి రాసుకోండి. 'తేజ రకం, తాలు ఏరుతున్నారు, మార్చి' అన్న మూడు ముక్కలు ఆ ఫోటోని పదేళ్ల తర్వాత కూడా నిలబెడతాయి. నెల కూడా ముఖ్యమే. మే నెలలో చాలా రోజులు యార్డుకి వేసవి సెలవులిస్తారు, కాబట్టి కాయతో నిండిన యార్డు ఫోటో మీద మే అని ఉంటే తేదీని అనుమానించాలి. ఘాటుకి ముక్కుకి గుడ్డ కట్టుకోవడం ఎలాగూ తప్పదు, లెన్సు కూడా తుడుస్తూ ఉండండి. సన్నటి కారం పొర పట్టి ఫోటోలన్నీ మసకబారతాయి.

గుంటూరు దగ్గర పక్షులు చేరే ఉప్పలపాడు చెరువు దగ్గరా ఇంతే. 'రకరకాల పక్షులు' అనకుండా గూడబాతు ఏదో, ఎర్రకాళ్ల కొంగ ఏదో అక్కడున్నవాళ్లనే అడిగి రాయండి.

పాత ఫోటోకి తేదీ పట్టడం

తేదీ లేని ఫోటోలో బ్యాక్‌గ్రౌండే సాక్షి. మొహాలు పక్కన పెట్టి వెనక ఏముందో చూడండి.

ముందు బండ్ల నంబర్లు. ఎ అక్షరంతో మొదలయ్యే మూడక్షరాల నంబరైతే ఆ బండి 1989కి ముందు రిజిస్టరైంది. ఏపీ 16 అంటే కృష్ణా, ఏపీ 7 అంటే గుంటూరు. ఈ జిల్లా అంకెల బదులు రాష్ట్రమంతటికీ ఒకటిగా వచ్చిన ఏపీ 39 కనబడితే ఫోటో 2019కి ముందుది కాదు, అందులో సందేహం లేదు. పాత నంబరు మాత్రం పాత ఫోటో అనడానికి రుజువు కాదు, పాత బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. కొత్త వస్తువు ఫోటో అంతకంటే ముందుది కాదని హద్దు గీస్తుంది, పాత వస్తువు ఏ హద్దూ గీయదు. బట్టలు, వాచీ, సైకిలు, అన్నిటికీ ఇదే లెక్క.

తర్వాత కట్టడాలు. ఇప్పటి బ్యారేజీ 1957లో పూర్తయింది. దానికి ముందు అక్కడున్నది 1850లలో కట్టిన పాత ఆనకట్ట. దుర్గ గుడి కొండ పక్కన ఫ్లైఓవర్ మీద వాహనాలు పోతున్నాయంటే 2020 అక్టోబరు తర్వాత. స్వరాజ్ మైదానంలో అంబేడ్కర్ విగ్రహం కనబడితే ఆవిష్కరణ జరిగిన 2024 జనవరి చుట్టుపక్కలో, ఆ తర్వాతో. ఘాట్ల నిండా జనం, స్నానాలు, తాత్కాలిక పందిళ్లు ఉంటే పుష్కరాలు కావచ్చు. కృష్ణా పుష్కరాలు 1992, 2004, 2016ల్లో వచ్చాయి, కాబట్టి ఫోటోలోని పిల్లల వయసు చూసి ఏ ఏడాదో తేల్చేయొచ్చు. వరద ఫోటో అయితే ఆ మర్నాటి దినపత్రిక చూడండి. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది, పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర తగిలాయి. అలాంటి రోజున తీసిన ఫోటోకి ఆ వార్త ముక్కని కూడా జత చేసి ఉంచండి.

నదిలో దిక్కు కూడా తేలికే. బ్యారేజీ మీద నిలబడి తీసిన ఫోటోలో రైలు వంతెన కనిపిస్తే కెమెరా దిగువకి చూస్తోంది, భవానీ ద్వీపం కనిపిస్తే ఎగువకి. ఎగువ వైపు నీళ్ల మీద సూర్యుడు వంగి ఉంటే అది సాయంత్రం.

అట్టపెట్టెలో ఉన్న అచ్చు ఫోటోలు

వెనక రాయడానికి బాల్‌పెన్ వాడొద్దు. నొక్కు ముందువైపుకి తేలుతుంది. నిగనిగలాడే ప్లాస్టిక్ పూత కాగితం మీద సిరా ఆరక, పైన పెట్టిన ఫోటోకి అంటుకుంటుంది. పాత నలుపు తెలుపు కాగితం మీద 4బీ లాంటి మెత్తటి పెన్సిల్‌తో అంచున తేలిగ్గా రాయండి. పూత కాగితం మీద పెన్సిల్ ఎక్కదు, దానికి విడిగా కాగితం మీద రాసి కవర్లో కలిపి పెట్టడమే మేలు.

జిగురు పేజీల ఆల్బముల్లోంచి ఫోటో లాగితే చిరుగుతుంది. పళ్ల మధ్య శుభ్రం చేసుకునే సన్నటి దారాన్ని వెనక నుంచి రంపంలా నెమ్మదిగా ఆడిస్తూ తీయాలి. ఫ్రేము అద్దానికి అంటుకుపోయినదాన్ని అసలు కదపొద్దు, అద్దంతోనే స్కాన్ చేయండి. 3×4 అంగుళాల ఫోటోని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే 1800×2400 పిక్సెళ్లు వస్తాయి, మళ్లీ అచ్చు వేసుకోవడానికి బాగా సరిపోతుంది. వెనక వైపు కూడా స్కాన్ చేయడం మరిచిపోకండి. స్టూడియో ముద్ర, కాగితం కంపెనీ పేరు, ఎవరో రాసిన సగం మాట, అన్నీ ఆధారాలే.

నెగటివులు దొరికితే పండగే. ఫిల్మ్ అంచున వరస నంబర్లుంటాయి. ఆల్బంలో ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు అతికించిన ఫోటోలు అసలు ఏ క్రమంలో తీశారో ఆ నంబర్లే చెబుతాయి. ముందు గుడికెళ్లి తర్వాత కొండపల్లి వెళ్లారా, అటుదిటా అన్న తగువు అక్కడితో తీరుతుంది.

పెద్దవాళ్లని అడగడం

'ఆ రోజుల సంగతులు చెప్పండి' అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. ఒక్క ఫోటో చేతికిచ్చి, అందులోని ఒక్క వస్తువు మీద వేలు పెట్టండి. 'మామ్మా, ఈ సంచీలో ఏముంది?' 'బాబాయ్, ఈ స్కూటర్ ఎవరిది, మీ దగ్గర అప్పటికి బండి లేదుగా?' సంచీ నుంచి బజారుకి, బజారు నుంచి ఆ ఏటి ధరలకి, అక్కణ్ణుంచి ఎవరి పెళ్లికో మాట సాగుతుంది. రికార్డింగ్ మొదట్లో తేదీ, ఫోటో నంబరు పైకి చెప్పండి, లేకపోతే ఏ మాట ఏ ఫోటోదో తర్వాత తెలియదు. మధ్యలో ఏడాది సరిచేయొద్దు, సరిచేస్తే ఆ ధార ఆగిపోతుంది. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ వాళ్ల వాళ్ల పేర్లతో రాయండి. అరగంట దాటితే ఆపేయండి, ఇంకో రోజు వెళ్లొచ్చు.

ఎక్కడ దాచాలి

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలోంచి తీసిన సమయం, స్థలం రాలిపోతాయి, సైజూ తగ్గుతుంది. ఫైలు పేరులో కనిపించే తేదీ ఫోటో తీసిన రోజు కాదు, మీ ఫోన్లోకి చేరిన రోజు. చాలా కుటుంబాల ఫోటోల్లో తేదీలు తప్పడానికి ఇదే కారణం. అసలు ఫైలు కావాలంటే 'డాక్యుమెంట్'గా పంపమని అడగండి.

గూగుల్ ఫోటోస్‌లో రాసిన వివరం ఫోటో ఫైలు లోపలికి చేరదు. అంతా డౌన్‌లోడ్ చేసినప్పుడు పక్కన వేరే ఫైలుగా వస్తుంది. అందుకని అక్కడ రాసినా, ప్రతి షికారుకి ఒక ఫోల్డర్ పెట్టి అందులో మామూలు టెక్స్ట్ ఫైలు ఒకటి ఉంచండి. ఫోల్డర్ పేరు ఏడాదితో మొదలుపెట్టండి: '2025-01-15 బ్యారేజీ'. అప్పుడే వరసగా నిలబడతాయి. తేదీ తేలకపోతే '1985 సుమారు' అని రాయండి. ఊహని ఖాయం చేసి రాస్తే తర్వాతివాళ్లు దాన్నే నిజమనుకుంటారు. ఫోన్లో కాక బయట డ్రైవులో ఒకటి, వేరే ఊళ్లో ఉన్న బంధువు దగ్గర ఒకటి ఉంచండి.

పదిమందికీ చూపించేటట్టయితే, ముందు రాసినదాన్ని ఫోటోలో ఉన్నవాళ్లకి పంపండి. యార్డు కూలీ, పునుగుల బండి ఆయన లాంటి పరాయివాళ్ల మొహం స్పష్టంగా ఉంటే తీసేటప్పుడే అడిగి ఉండాలి, అడగనిది ఇంట్లోనే ఉంచుకోవాలి. ఇంటివాళ్ల నుంచి దిద్దుబాట్లు తప్పకుండా వస్తాయి. 'అది కనుమ కాదు, ముక్కనుమ' అని ఒకరంటారు. పాత వాక్యం చెరపకుండా దాని కింద కొత్తది, ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు అన్నది కలిపి రాయండి.