వీధి పిల్లి వయసును అంచనా వేసే విధానం

కళింగపట్నం వంటి తీర గ్రామాల్లో చేపల ఒడ్డున తిరిగే పిల్లిని ఇంటికి తెచ్చుకున్నవారు ముందుగా దాని పళ్ళు చూడాలి. అది కునుకు తీస్తున్నప్పుడు తల నిమురుతూ, బొటనవేలితో పై పెదవిని కాస్త పైకెత్తితే చాలు. నోటిని బలవంతంగా తెరవకూడదు.

సూదుల్లాంటి పాలపళ్ళు 26 ఉంటాయి. నాలుగో నెల ప్రాంతంలో ముందుపళ్ళు, ఐదో నెల ప్రాంతంలో కోరలు మారి, ఆరేడు నెలలకు 30 శాశ్వత దంతాలూ వచ్చేస్తాయి. పాత కోర పక్కనే కొత్త కోర మొలిచి కనిపిస్తే దాని వయసు ఐదారు నెలలని ధైర్యంగా చెప్పవచ్చు.

ఆ తరువాత అంచనా కష్టమే. తెల్లగా మెరిసే పళ్ళు ఏడాది వయసును, దవడ పళ్ళపై పసుపు గార అంతకు మించిన వయసును సూచిస్తాయి గానీ, వీధిలో పెరిగిన పిల్లికి చిగుళ్ళ జబ్బు చిన్నతనంలోనే రావచ్చు కనుక, పాడైన పళ్ళను చూసి దానిని ముసలిదని తీర్మానించడం అన్యాయం. కంటిపాపలో నీలిరంగు మసక కూడా ఉంటే అది వయసు మళ్ళినదయ్యే అవకాశం ఎక్కువ. తిండి లేక చిక్కిన పిల్లి విషయంలో బరువును నమ్మవద్దు.

మూడు నెలలు నిండినట్లు తోస్తే రేబిస్ టీకా కోసం దగ్గరలోని పశువైద్యశాలకు తీసుకువెళ్ళి, అక్కడే వయసును కూడా నిర్ధారించుకోవాలి.